జర్నల్ రాస్తున్నా అవే తప్పులు: లోపం క్రమశిక్షణలోనా, పద్ధతిలోనా?

తెల్లకాగితం:

అందరికీ నమస్తే. షేర్లలో ఇంట్రాడే ట్రేడింగ్ (కొన్నది అదే రోజు అమ్మేయడం) చేస్తాను. రోజులో ఒకటి రెండు ట్రేడ్‌లు, సెటప్ (ట్రేడ్‌లోకి దిగడానికి చార్టులో కనిపించాల్సిన పరిస్థితి) ఒక్కటే, రూల్స్ కాగితం మీద స్పష్టంగా ఉన్నాయి. స్టాప్ (నష్టంతో బయటపడాలని ముందే పెట్టిన ధర) తగిలితే 1 ఆర్ పోవాలి, టార్గెట్ (లాభం తీసుకోవాలని పెట్టిన ధర) వస్తే 2 ఆర్ రావాలి. ఆర్ అంటే ట్రేడ్ తీసుకునే ముందే పోయినా ఫరవాలేదని ఒప్పుకున్న మొత్తం.

60 ట్రేడ్‌ల లెక్క ఇది. గెలిచినవి 27, సగటున 1.1 ఆర్. పోయినవి 33, సగటున 1.3 ఆర్. నికరంగా మైనస్ 13.2 ఆర్.

జర్నల్, అంటే ప్రతి ట్రేడ్‌నూ రాసుకునే పుస్తకం, మానలేదు. ఎంట్రీ, ఎగ్జిట్, స్క్రీన్‌షాట్, "భయపడ్డాను", "తొందరపడ్డాను" లాంటి వ్యాఖ్యలు అన్నీ ఉన్నాయి. వారాంతంలో చదివితే ఏ తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తోంది, సోమవారం మళ్ళీ అదే తప్పు.

అడగాలనుకున్నవి మూడు. ఇది నా క్రమశిక్షణ లోపమా, పద్ధతే పనికిరానిదా అన్నది ఎలా తేల్చుకోవాలి? జర్నల్‌లో ఏం రాస్తే ప్రవర్తన నిజంగా మారుతుంది? ట్రేడ్ నడుస్తుండగా స్టాప్ జరపకుండా చేతిని ఆపేదెలా?

*

లెక్కలపుస్తకం:

మీ అంకెల్లోనే సగం జవాబు ఉంది. స్టాప్ 1 ఆర్ దగ్గర పెట్టినవారికి సగటు నష్టం 1.3 ఎలా వస్తుంది? స్టాప్ జరిపి ఉండాలి, లేదా స్లిప్పేజ్ (అనుకున్న ధరకూ అమలైన ధరకూ తేడా) పడి ఉండాలి. 33 నష్టాల మీద తలా 0.3 అంటే 9.9 ఆర్. మొత్తం పోయిన 13.2లో నాలుగింట మూడు వంతులు ఇక్కడే కారిపోయింది.

అలాగని "స్టాప్ జరపడం మానేస్తే చాలు" అనుకోవద్దు. ముందు పద్ధతిని, మిమ్మల్ని విడదీయాలి. దానికి జర్నల్‌లో ఒక కొత్త కాలమ్ కావాలి: "ప్లాన్ ఆర్". ఇప్పటికే ఉన్నది "అసలు ఆర్".

60 ట్రేడ్‌ల చార్టులూ మళ్ళీ తెరవండి. ఎంట్రీ తర్వాత ఎవరూ చెయ్యి పెట్టకపోతే స్టాప్ ముందు తగిలేదా, టార్గెట్ ముందు తగిలేదా చూసి, మైనస్ 1 లేదా ప్లస్ 2 వెయ్యండి. ఒకే క్యాండిల్‌లో (చార్టులో ఒక్కో కాల వ్యవధి ధరలను చూపే గీత) రెండూ తగిలినట్టు కనిపిస్తే చిన్న టైమ్‌ఫ్రేమ్‌లో, అంటే తక్కువ నిమిషాల క్యాండిల్‌లతో, చూడండి. అక్కడా తేలకపోతే స్టాప్ తగిలినట్టే లెక్క. ఇలాంటి చోట్ల మనకు మనమే ఉదారంగా మార్కులు వేసుకుంటే పద్ధతి లేనిపోని అందంగా కనిపిస్తుంది.

సెటప్ లేకుండా దూరిన ట్రేడ్‌కు ప్లాన్ ఆర్ సున్నా. వచ్చిందో పోయిందో అదంతా అసలు ఆర్‌లోనే పడుతుంది. సెటప్ వచ్చినా భయపడి వదిలేసిన ట్రేడ్‌కు కూడా ఒక వరుస ఉండాలి: ప్లాన్ ఆర్ ఎంతైతే అంత, అసలు ఆర్ సున్నా. ఈ వరుసను దాదాపు అందరూ మర్చిపోతారు. వరుసగా నాలుగు నష్టాల తర్వాత వదిలేసిన అయిదోదే గెలిచే ట్రేడ్ అయితే, ఆ ఖర్చు ఏ జర్నల్‌లోనూ కనిపించదు.

రెండు కాలమ్‌ల తేడా మీ చిల్లు. ప్రతి తేడాకూ దాని కారణం చెప్పే ఒక్క కోడ్ ఇవ్వండి. ఉదాహరణకు ప్లాన్ మొత్తం ప్లస్ 6, అసలు మైనస్ 13.2 అనుకుందాం. చిల్లు 19.2 ఆర్. దాన్ని పంచితే స్టాప్ జరిపినందుకు 7.6, సెటప్ లేని ట్రేడ్‌లకు 6.1, టార్గెట్ కంటే ముందే దిగినందుకు 2.9, వదిలేసిన సెటప్‌లకు 1.2, స్లిప్పేజ్ 1.4 రావచ్చు. "తొందరపడ్డాను" అని వందసార్లు రాసినా మారనిది, "స్టాప్ జరపడం ఖరీదు 7.6 ఆర్" అన్న ఒక్క వరుసతో కదులుతుంది. వ్యాఖ్యకు ధర ఉండదు, అంకెకు ఉంటుంది.

ముందే దిగిన ట్రేడ్‌ల దగ్గర నిజాయితీ కావాలి. 1.1 దగ్గర దిగినవన్నీ 2కి వెళ్ళి ఉండేవి కావు. కొన్ని తిరగబడి స్టాప్‌కు వచ్చి ఉండేవి, అక్కడ ముందే దిగడం లాభమే. ప్లస్సులు, మైనస్సులు రెండూ వేసి నికరం తీయండి.

తీర్పు ఇలా చెప్పుకోవచ్చు. ప్లాన్ కాలమ్ ప్లస్, అసలు మైనస్ అయితే సమస్య మీ చేతిలో ఉంది. రెండూ మైనస్ అయితే ఎంత నిష్ఠగా పాటించినా నష్టమే, కాకపోతే పద్ధతి ప్రకారం నష్టపోతారు. అప్పుడు మనసు మీద కాదు, సెటప్ మీద పని చేయాలి.

*

ఆగిచూడు:

పై లెక్క బాగుంది. ఒక్క హెచ్చరిక మాత్రం చేర్చాలి. 60 ట్రేడ్‌లలో ప్లస్ 6 ఆర్ వస్తే పద్ధతి రుజువైనట్టు కాదు. 2 ఆర్ గెలుపు, 1 ఆర్ నష్టం ఉన్న పద్ధతిలో ఒక్కో ట్రేడ్ ఊగిసలాట (ఫలితం సగటు నుంచి మామూలుగా అటూ ఇటూ పోయే దూరం) దాదాపు 1.45 ఆర్. 60 ట్రేడ్‌ల మొత్తం మీద అది 11 ఆర్ దాకా అటూ ఇటూ ఊగుతుంది. ప్లస్ 6 ఆ ఊగిసలాటలోనే మునిగిపోతుంది.

ఇంకో కోణంలో చూడండి. 40 శాతం గెలుపు, 2కి 1 నిష్పత్తి ఉన్న పద్ధతి నిజంగానే మంచిది, ట్రేడ్‌కు సగటున 0.2 ఆర్ ఇస్తుంది. అయినా 30 ట్రేడ్‌ల తర్వాత లాభం లేకుండా, అంటే సున్నా దగ్గరో నష్టంలోనో, ఉండే అవకాశం దాదాపు 29 శాతం. 100 ట్రేడ్‌ల తర్వాత కూడా నష్టంలో ఉండే అవకాశం దాదాపు 9 శాతం. 100 ట్రేడ్‌లలో ఎక్కడో ఒకచోట వరుసగా 7, 8 నష్టాలు రావడం మామూలే. ఇవన్నీ బ్రోకరేజీ తీయకముందు లెక్కలు. ట్రేడ్‌కు 0.1 ఆర్ ఖర్చు ఉంటే ఆ 0.2లో సగం ముందే పోయింది.

ఇది ముందే తెలియనివారు నాలుగో నష్టం దగ్గర రూల్ మారుస్తారు, ఆరో నష్టం దగ్గర సైజు రెట్టింపు చేస్తారు. క్రమశిక్షణ తప్పడం చాలాసార్లు గణితం తెలియకపోవడమే.

ఇక మూడో ప్రశ్న, చేతిని ఆపడం. ఆ క్షణాన్ని దగ్గరగా చూడండి. ధర స్టాప్‌కు రెండు టిక్‌ల (టిక్ అంటే ధర కదిలే అతి చిన్న మెట్టు) దూరంలో ఉంది. మౌస్ ఆర్డర్ గీత మీదికి వెళ్ళింది. మనసు చెప్పేది "నష్టం ఒప్పుకోను" అని కాదు, "కొంచెం చోటు ఇద్దాం, సపోర్ట్ ఇంకాస్త కిందుంది" అని. వినడానికి అది విశ్లేషణలాగే ఉంటుంది, అందుకే మోసపోతాం. ఆ సపోర్ట్ (ధర ఇంకా పడకుండా ఆగుతుందనుకునే చోటు) ఎంట్రీకి ముందు కూడా అక్కడే ఉంది కదా! అప్పుడు కనపడనిది ఇప్పుడెందుకు కనపడింది?

ఆ క్షణంలో గెలవాలని చూడకండి. నిర్ణయాన్ని ఎంట్రీకి ముందుకు జరపండి.

ఎంట్రీ ఆర్డర్‌తో పాటే స్టాప్, టార్గెట్ రెండూ వెళ్ళేలా బ్రాకెట్ ఆర్డర్ వాడండి, ఒకటి అమలైతే రెండోది రద్దయ్యేలా. "మనసులో స్టాప్" అన్నది స్టాప్ కాదు. స్టాప్ మార్కెట్, స్టాప్ లిమిట్ తేడా కూడా తెలుసుకోండి: స్టాప్ తగిలాక మొదటిది దొరికిన ధరకు బయటపడుతుంది, రెండోది మీరు పెట్టిన హద్దు ధరలోపు దొరికితేనే. గ్యాప్‌లో (ధర మధ్యలో ఆగకుండా ఒక్కసారిగా దూకినప్పుడు) స్టాప్ లిమిట్ అసలు అమలు కాకుండానే ఉండిపోవచ్చు, అప్పుడు పొజిషన్ చేతిలోనే ఉంటుంది, నష్టం పెరుగుతూ పోతుంది. స్టాప్ మార్కెట్ అమలవుతుంది, ధర మాత్రం అనుకున్నదాని కంటే చెడ్డగా రావచ్చు.

అందుకే ఆ తేడాను సైజులోనే కలపాలి. ఖాతా 1,00,000, రిస్క్ 1 శాతం, అంటే 1,000. ఎంట్రీ 250, స్టాప్ 245, దూరం 5. 200 షేర్లు అనేస్తారు చాలామంది. మామూలుగా పడే స్లిప్పేజ్ 0.25 కలిపితే దూరం 5.25, షేర్లు 190. ఈ ఒక్క మార్పుతో మీ 1.3లో ఒక ముక్క తగ్గుతుంది.

స్టాప్ జరపాలన్న ఒత్తిడి తరచూ వస్తోందంటే సైజు మీ ఓర్పుకు మించి ఉందని అర్థం. 1 శాతం దగ్గర చెయ్యి వణికితే 0.25 శాతానికి దించండి. పై ఉదాహరణలో 47 షేర్లు. స్టాప్ ముట్టుకోకుండా 20 ట్రేడ్‌లు అయ్యాక 0.5, మళ్ళీ 20 అయ్యాక 1. "ఇంత చిన్న సైజుతో ఏం సంపాదిస్తాం?" అంటారు. సంపాదించడానికి కాదు, చేతికి అలవాటు నేర్పడానికి. వరుసగా 10 నష్టాలు వస్తే 1 శాతం రిస్క్‌తో ఖాతా 9.6 శాతం తగ్గుతుంది. 5 శాతం రిస్క్‌తో 40 శాతం పోతుంది, పాత స్థాయికి రావాలంటే 67 శాతం లాభం కావాలి.

స్క్రీన్ మీద డబ్బు లెక్క దాచేయండి. చాలా ప్లాట్‌ఫామ్‌లలో టిక్‌లలోనో శాతంలోనో చూపించే సెట్టింగ్ ఉంటుంది. డబ్బు అంకె నిమిషానికి ఇరవైసార్లు రంగు మారుతుంటే దాన్ని చూస్తూ ప్లాన్ గుర్తుంచుకోవడం కష్టం.

*

ఎర్రకొవ్వొత్తి:

రోజు నష్టపరిమితి గురించి ఎవరూ రాయలేదు. 2 ఆర్ పోతే ఆ రోజుకు బంద్ అని అందరూ రాసుకుంటారు, కానీ అది ఎక్కడ విఫలమవుతుందో చూడరు. పొద్దున్నుంచి మైనస్ 1.6 ఆర్. పరిమితి ఇంకా దాటలేదు కాబట్టి ఇంకో పూర్తి 1 ఆర్ ట్రేడ్ తీసుకుంటారు, అది పోతే మైనస్ 2.6. అందుకే రూల్ ఇలా ఉండాలి: మిగిలిన పరిమితి 1 ఆర్ కంటే తక్కువైతే కొత్త ట్రేడ్ లేదు.

ఇంకోటి, పరిమితిని మీరే అమలు చేయాలనుకోకండి. మీ బ్రోకర్ దగ్గర కిల్ స్విచ్ (ఆ రోజుకు ట్రేడింగ్ ఆపేసే మీట) గానీ రోజు నష్టం లాక్ గానీ ఉంటే మార్కెట్ తెరవకముందే పెట్టండి. ఆ రోజు మళ్ళీ తెరవడానికి వీల్లేనిదైతేనే పనికొస్తుంది. ఒక్క క్లిక్‌తో తీసేయగలిగే లాక్, తాళంచెవి తలుపుకే వేలాడదీసిన తాళం లాంటిది.

పోయినచోటే వెతుక్కోవాలన్న సామెత ఇక్కడ మాత్రం పనికిరాదు. అదే షేరు, అదే దిశ, నష్టం వచ్చిన అయిదు నిమిషాల్లో మళ్ళీ ఎంట్రీ. జర్నల్‌లో "గత ట్రేడ్ నుంచి ఎన్ని నిమిషాలు" అన్న కాలమ్ పెట్టి, 10 నిమిషాల లోపు తీసుకున్న ట్రేడ్‌ల సగటు ఆర్ విడిగా తీయండి. రివెంజ్ ట్రేడ్ (పోయింది వెంటనే రాబట్టుకోవాలని చేసేది) అవునా కాదా అని మీతో మీరు వాదించుకునే పని లేదు, ఆ కాలమ్ చెప్పేస్తుంది.

"ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" అని రాసుకోవడం వృథా. "ఇలా అయితే ఇలా చేస్తాను" అన్న వాక్యాలు రాయండి. మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990లలో దీని మీద చాలా పని చేశారు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలో ముందే కట్టిపెట్టుకున్న సంకల్పం, ఉత్త సంకల్పం కంటే ఎక్కువగా అమలవుతుంది. ట్రేడింగ్‌లో అవి ఇలా ఉంటాయి:

స్టాప్ తగిలితే, కుర్చీలోంచి లేచి, కోడ్ రాసి, 15 నిమిషాల తర్వాతే చార్ట్ చూస్తాను.

ఎంట్రీ తప్పిపోయి ధర 0.5 ఆర్ దూరం పోతే, ఆ ట్రేడ్ నాది కాదు.

రెండోదానికి కారణం లెక్కే. ప్లాన్‌లో రిస్క్ 1, రాబడి 2, గెలుపు 33.3 శాతం దాటితే చాలు. సగం ఆర్ ఆలస్యంగా దూకి స్టాప్, టార్గెట్ అక్కడే ఉంచితే రిస్క్ 1.5, రాబడి 1.5. ఇప్పుడు సగానికి సగం గెలిస్తేనే అసలుకు వస్తారు. పేరు అదే సెటప్, బేరం మాత్రం వేరు. ఫోమో (అవకాశం తప్పిపోతుందన్న భయం) అంటే ఏదో భావోద్వేగం అని వదిలేస్తారు గానీ, దాని ధర ఇంత కచ్చితంగా కట్టవచ్చు.

*

తెల్లకాగితం:

అందరికీ ధన్యవాదాలు. ప్లాన్ ఆర్ కాలమ్ ఇవాళే మొదలుపెడతాను. రెండు సందేహాలు. స్టాప్ తగిలిన వెంటనే ధర వెనక్కి తిరిగి టార్గెట్‌కు పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు స్టాప్‌కు కొంచెం చోటివ్వడం నిజంగా తప్పేనా? రెండోది, భావాల కాలమ్ పూర్తిగా తీసేయమంటారా?

*

లెక్కలపుస్తకం:

"చాలా" అన్నది అంకె కాదండి. స్టాప్ తగిలి తిరిగొచ్చినవి కళ్ళ ముందు ఆడతాయి, తగిలి ఇంకా కిందికి పోయినవి గుర్తుండవు. రెండింటినీ లెక్కపెట్టండి.

ప్రతి ట్రేడ్‌కూ ఇంకో అంకె రాయండి: మీకు వ్యతిరేకంగా ధర గరిష్ఠంగా ఎంత దూరం వెళ్ళింది, ఆర్‌లలో. ముందు గెలిచినవాటిని చూడండి. 27లో 24 ట్రేడ్‌లు 0.6 ఆర్ కంటే ఎక్కువ వ్యతిరేకంగా పోలేదనుకోండి, మీ స్టాప్ అవసరం కంటే వెడల్పుగా ఉంది. గెలిచినవాటిలో ఎక్కువ భాగం 0.8, 0.9 దాకా పోయి వచ్చాయంటే స్టాప్ మరీ ఇరుకు.

తర్వాత స్టాప్ తగిలిన 33. ఆ రోజు ముగిసేదాకా, లేదా మీరు మామూలుగా ఉంచుకునే సమయం దాకా, ఏమైందో చూడండి. 1.5 ఆర్ దాటకుండా తిరిగి టార్గెట్‌కు చేరినవి ఎన్ని? 1.5 కూడా దాటిపోయినవి ఎన్ని? మొదటివి ఎక్కువైతే స్టాప్ వెడల్పు చేయండి, దూరం పెరిగిన మేరకు షేర్లు తగ్గించండి, 1 ఆర్ డబ్బు మారకూడదు. స్టాప్ దూరం 5 నుంచి 7.5 అయితే స్లిప్పేజ్‌తో 7.75, షేర్లు 190 కాదు, 129. టార్గెట్ అక్కడే ఉంటే రాబడి ఇక 2 ఆర్ కాదు, 1.33 ఆర్ అని కూడా గుర్తుంచుకోండి. గెలుపు శాతం ఆ మేరకు పెరగకపోతే ఈ మార్పు దండగ.

మీరు చేసినదానికీ దీనికీ తేడా అదే. మీరు సైజు తగ్గించకుండా, ట్రేడ్ మధ్యలో, నచ్చిన ట్రేడ్‌కు మాత్రమే చోటిచ్చారు. రూల్ మార్చడం తప్పు కాదు. మార్కెట్ మూసి ఉన్నప్పుడు మార్చండి, తర్వాతి 20 ట్రేడ్‌లన్నిటికీ వర్తింపజేయండి.

*

ఆగిచూడు:

భావాల కాలమ్ విషయం. తీసేయకండి, విశేషణాలు మాత్రం తీసేయండి. "భయం" అన్న మాట ఏ ట్రేడ్‌కైనా అతుకుతుంది. దాని బదులు కంటికి కనపడేవి రాయండి: ఆర్డర్ ఎన్నిసార్లు మార్చారు, ట్రేడ్ నడుస్తుండగా టైమ్‌ఫ్రేమ్ ఎన్నిసార్లు మార్చారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. పొజిషన్‌లో ఉండి ఒక నిమిషం చార్ట్ నుంచి అయిదు నిమిషాల చార్ట్‌కు, అక్కణ్ణుంచి గంట చార్ట్‌కు పోతున్నారంటే భయం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఉండిపోవడానికి సాకు వెతుకుతున్నారు.

ఎంట్రీకి ముందు రెండు వాక్యాలు: ఇప్పుడే ఎందుకు, ఏం జరిగితే నేను తప్పు. దాని పక్కన 1 నుంచి 5 దాకా నమ్మకం అంకె. 50 ట్రేడ్‌లయ్యాక 5 వేసినవాటి సగటు ఆర్, 3 వేసినవాటి సగటు ఆర్ పోల్చండి. తేడా లేకపోతే, "ఇది గట్టి ట్రేడ్" అని సైజు పెంచే హక్కు మీకు లేదు.

ఇవన్నీ ఫలితం తెలియకముందే రాయాలి. ఫలితం తెలిశాక "నాకు ముందే అనిపించింది" అని మనసు పాత జ్ఞాపకాన్ని దిద్దేస్తుంది. మనస్తత్వవేత్త బరూక్ ఫిష్‌హాఫ్ 1975లోనే దీన్ని ప్రయోగాల్లో చూపించారు. సాయంత్రం కూర్చుని నింపే జర్నల్ అందుకే సగం కథ అవుతుంది.

*

పాతచిట్టా:

పైన చెప్పినవన్నీ పెడితే పాతిక కాలమ్‌లవుతాయి. పాతిక కాలమ్‌ల జర్నల్ రెండు వారాలు బతుకుతుంది. కనీసం ఇవి ఉంచండి: సమయం, సెటప్ పేరు, ప్లాన్ ఎంట్రీ, స్టాప్, షేర్లు, "ఏం జరిగితే తప్పు" వాక్యం, ప్లాన్ ఆర్, అసలు ఆర్, గరిష్ఠ వ్యతిరేక దూరం, తప్పు కోడ్. మొదటి ఆరు ఎంట్రీకి ముందు, మిగతావి తర్వాత. మిగిలినవి అవసరం పడినప్పుడు ఒక నెల కోసం పెట్టి తీసేయండి.

కోడ్‌లు కూడా అయిదారుకు మించొద్దు. ఇరవై కోడ్‌లు పెడితే ఒక్కోదానికి రెండేసి ట్రేడ్‌లు పడి ఏదీ తేలదు.

ప్రతి ట్రేడ్‌కు గ్రేడ్ ఇవ్వండి, లాభనష్టాలు చూడకుండా. రూల్స్ పాటించారా లేదా, అంతే. అప్పుడు నాలుగు గదులు వస్తాయి: పాటించి గెలవడం, పాటించి పోవడం, తప్పి పోవడం, తప్పి గెలవడం. చివరి గదిని ఎర్రగా గీయండి. తప్పి పోయినప్పుడు దెబ్బే పాఠం చెబుతుంది. తప్పి గెలిచినప్పుడు మార్కెట్ మీకు తప్పు పాఠం చెప్పి పైగా బహుమతి ఇస్తుంది. స్టాప్ జరిపి, అది తిరిగొచ్చి, 2 ఆర్ తెచ్చిన ఒక్క ట్రేడ్, తర్వాతి ఆరు స్టాప్‌లను జరిపిస్తుంది. వాపును బలుపనుకోవడం అంటే ఇదే.

అసలు ట్రేడ్‌లన్నీ జర్నల్‌లోకి వస్తున్నాయా అన్నది కూడా చూసుకోండి. "ఇది ఊరికే, సరదా ట్రేడ్" అని రాయకుండా వదిలేసినవి, రెండో ఖాతాలో చేసినవి. ట్రేడర్ నిక్ లీసన్ బ్రిటన్‌కు చెందిన బేరింగ్స్ బ్యాంకులో నష్టాలు దాచింది 88888 అనే ఎర్రర్ ఖాతాలో. 1995లో ఆ బ్యాంకు కూలేనాటికి నష్టం 827 మిలియన్ పౌండ్లు. అంత పెద్ద ఉదాహరణ మనకెందుకు అనకండి, పని తీరు ఒకటే: లెక్కలో లేని నష్టం మీద ఎవరికీ, చివరికి మీకు కూడా, అదుపు ఉండదు.

*

ఎర్రకొవ్వొత్తి:

పాతచిట్టా గారితో ఏకీభవిస్తాను, ఒక్కటి తప్ప. ట్రేడ్‌ల సంఖ్యను కూడా గమనించాలి. పరిశోధకులు బార్బర్, ఓడియన్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అమెరికన్ డిస్కౌంట్ (తక్కువ కమిషన్ తీసుకునే) బ్రోకర్ దగ్గరి 66,465 కుటుంబాల ఖాతాలను 1991 నుంచి 1996 దాకా పరిశీలించారు. ఎక్కువగా ట్రేడ్ చేసినవారికి ఏడాదికి 11.4 శాతం వచ్చింది, అదే కాలంలో మార్కెట్ 17.9 శాతం ఇచ్చింది. అవి ఇంట్రాడే ఖాతాలు కావు, కాబట్టి అంకెలు మనకు నేరుగా అతకవు. కానీ ఖర్చులు తినే తీరు అదే. రోజుకు 2 సెటప్‌లు వచ్చే పద్ధతిలో ఒకరోజు 7 ట్రేడ్‌లు కనిపిస్తే, మిగిలిన 5 ఎక్కడివి?

గెలిచినదాన్ని తొందరగా అమ్మి, పోయేదాన్ని పట్టుకు వేలాడటం కూడా మీ ఒక్కరి బలహీనత కాదు. 1985లో పరిశోధకులు షెఫ్రిన్, స్టాట్‌మన్ దీనికి డిస్పొజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. 1.1కి దిగడం, 1.3 దాకా మోయడం, మీ రెండు సగటుల్లో ఉన్నది అదే.

*

తెల్లకాగితం:

వారాంతపు సమీక్ష ఎలా చేయాలో కూడా చెబితే మొదలుపెడతాను. ఇప్పటిదాకా అన్ని ట్రేడ్‌లూ తిరగేసి, అలిసిపోయి, "క్రమశిక్షణ పెంచుకోవాలి" అని రాసి మూసేయడమే.

*

లెక్కలపుస్తకం:

45 నిమిషాలు చాలు, మార్కెట్ మూసి ఉన్న రోజు. మొదటి 10 నిమిషాలు అంకెలకు: ప్లాన్ ఆర్, అసలు ఆర్, కోడ్ వారీగా చిల్లు. తర్వాత 25 నిమిషాలు మూడే ట్రేడ్‌లకు: గ్రేడ్‌లో అన్నిటికంటే చెడ్డవి రెండు, మంచిది ఒకటి. ఎక్కువ డబ్బు పోయిన ట్రేడ్‌ను కాదు, ఎక్కువ రూల్ తప్పిన ట్రేడ్‌ను తీయాలి. చార్ట్‌ను ఎంట్రీ దాకా మాత్రమే తెరిచి, కుడివైపు కాగితంతో మూసి, ఒక్కో క్యాండిల్ చొప్పున ముందుకు జరపండి. ఆ క్షణంలో మీకు తెలిసింది ఎంతో అప్పుడే తెలుస్తుంది. మొత్తం చార్ట్ ఒకేసారి చూస్తే ప్రతి తప్పూ "తెలిసిపోయేదే కదా" అనిపిస్తుంది.

చివరి 10 నిమిషాల్లో ఒక్క తప్పును ఎంచుకోండి. అన్నిటికంటే ఖరీదైనది. దాని మీద ఒక్క "ఇలా అయితే ఇలా" వాక్యం రాసి స్క్రీన్ కింద అంటించండి. తర్వాతి 20 ట్రేడ్‌లకు అదొక్కటే లెక్క. మిగతా తప్పులు జరుగుతాయి, రాయండి, దిద్దకండి. మూడు అలవాట్లు ఒకేసారి మార్చబోతే, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియకుండా పోతుంది. పైగా మొదటి చెడ్డరోజున మూడూ ఒకేసారి కూలతాయి.

మీ విషయంలో ఏది ఎంచుకోవాలో ప్లాన్ ఆర్ నింపాకే తెలుస్తుంది, కానీ సగటు నష్టం 1.3 చూస్తే స్టాప్ జరపడమే అయ్యుండాలి.

*

తెల్లకాగితం:

అర్థమైంది. చివరిగా ఒకటి. 20 ట్రేడ్‌లలో పద్నాలుగోది జరిపేశాననుకోండి, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలా?

*

ఆగిచూడు:

వద్దు. సున్నా నుంచి మొదలు అన్న శిక్ష పెట్టుకుంటే పద్నాలుగోదాన్ని "అది అసలు స్టాప్ జరపడం కాదు, సర్దుబాటు" అని రాసుకోవడం మొదలవుతుంది. జర్నల్‌లో అబద్ధం చేరితే ఇక ఆ అంకెలన్నీ వృథా. 20లో ఎన్నిసార్లు అని మాత్రమే లెక్కపెట్టండి. మొదటి 20లో 6 సార్లు, రెండో 20లో 3 సార్లు వస్తే తగ్గుతున్నట్టే. ఒక్కసారి జరిపినా సైజు పెంచొద్దు, 0.25 దగ్గరే ఇంకో 20 ట్రేడ్‌లు. సున్నా వచ్చినప్పుడే 0.5కి వెళ్ళండి.

పద్నాలుగోది జరిపిన వెంటనే, ట్రేడ్ ఇంకా నడుస్తుండగానే, ఆ సమయం, ధర, మనసులో వచ్చిన వాక్యం ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. "సపోర్ట్ ఇంకాస్త కిందుంది" అయితే అదే. ఒక అయిదారు రాశాక చూడండి, ఎక్కువగా రెండు మూడు వాక్యాలే తిరిగి తిరిగి వస్తుంటాయి. వాటిని స్క్రీన్ కింద ఆ చీటీ పక్కనే అంటించండి.